తాళం వేశాను

జూన్ 4, మంగళవారం

ఇందుమూలముగా సమస్త జనులకు, పశుపక్ష్యాదులకు, ముఖ్యంగా నా తలగడకు విన్నవించుకునేది ఏమనగా: నేను అపరాధిని. నా గురకకు గోడ అవతల జాగరణ చేస్తున్న మా అక్కకు, కిటికీ కింద పడుకుని బెదిరి వీధి మారిపోయిన కుక్కకు, నా చొంగను నోరెత్తకుండా భరించిన దిండుకు, బస్సులో నా తల తన భుజం మీద వాలినందుకు సీటే వదులుకుని నిలబడ్డ పెద్దమనిషికి, నాలుగేళ్ళపాటు ముందు బెంచీలో నిద్రపోయి నేను అవమానించిన కాలేజీ అధ్యాపక బృందానికి సాష్టాంగ క్షమాపణలు. ఇకమీదట ఈ పుటల్లో రాయబోయే వ్యర్థ ప్రలాపాలకు కూడా ముందుగానే క్షమాపణలు. సాష్టాంగం అంటే బోర్లా పడుకోవాలి. బోర్లా పడుకుంటే నాకు నిద్ర పట్టేస్తుంది. కనుక క్షమాపణ మధ్యలో ఆగిపోతే ఆ తప్పు నాది కాదు.

గ్రంథావతరణ కథ చిన్నదే. అక్క బట్టలు కుడుతుంది. కొలతలు రాసుకునే పుస్తకాల్లో కొత్తది ఒకటి తెచ్చి నా ముందు పడేసింది.

"పగలు ఎప్పుడెప్పుడు తూగావో ఇందులో రాయి. తరవాత డాక్టరుకి చూపిద్దాం."

"నిద్ర బాగా పడుతోందని డాక్టరు దగ్గరికి వెళ్ళే మొదటి మనిషిని నేనే అవుతానక్కా. ఆకలి బాగా వేస్తోందని కూడా ఓ మాట చెప్పొద్దామా?"

"రాయరా ముందు."

రాస్తున్నాను. ఎవరికీ చూపించను.

ఇవాళ తూగినవి: బస్సులో. మధ్యాహ్నం పళ్ళెం ముందు. అక్క మాట్లాడుతుండగా (ఇది లెక్కలోకి రాదు, ఎవరైనా తూగుతారు).

జూన్ 6, గురువారం

ముందు ముందు ఈ గ్రంథాన్ని తవ్వి తీయబోయే పండితుల సౌకర్యార్థం వృత్తి వివరణ. మేం లిఫ్టులు బాగుచేస్తాం. మేం అంటే బావా, నేనూ. బావ అంటే అక్క మొగుడు, నా గురువు, నాకీ ఉద్యోగం ఇప్పించిన మహానుభావుడు. నేను ఇంజినీరింగు చదివాను, ఆయన చదవలేదు. అందుకని నన్ను "ఇంజినీరుగారూ" అని గౌరవంగా పిలిచి స్పానర్ల సంచీ మోయిస్తాడు.

ఆయన లిఫ్టు పెట్టె నెత్తి మీద కూర్చుని, ఆ చీకటి గొట్టంలో పని చేస్తాడు. నేను డాబా మీది మోటారు గదిలో ఉంటాను. మోటారు, తాళ్ళు, మెయిన్ స్విచ్చు అన్నీ అక్కడే. ఉక్కుతాళ్ళు గది నేలలోని కన్నాల్లోంచి కిందికి పోతాయి. మా సంభాషణ కూడా ఆ కన్నాల్లోంచే. ఆయన దేని మీదైనా చెయ్యి వేయబోయే ముందు నేను స్విచ్చు దించి దానికి తాళం తగిలించి నొక్కాలి. నొక్కితే పడే తాళం అది. వేయడానికి చెవి అక్కర్లేదు, తీయడానికే కావాలి. ఆ చెవి ఎప్పుడూ బావ చొక్కా జేబులోనే ఉంటుంది. అంటే ఆయన పైకి వచ్చేదాకా బ్రహ్మదేవుడు కూడా ఆ స్విచ్చు ఎత్తలేడు.

తరవాత ఆయన ఇనుప పట్టా మీద స్పానరుతో కొట్టి అడుగుతాడు.

"స్విచ్చు?"

"దించాను."

"తాళం?"

"వేశాను."

"నువ్వు?"

"ఉన్నాను."

మొదటి రెండూ ఈ పనిలో అందరూ అడిగేవే. మూడోది ఆయన సొంత కవిత్వం. ఎందుకు బావా అని అడిగాను ఒకసారి.

"పైన మనిషి ఉన్నాడో లేడో తెలియాలి కదరా."

"మరి మొదటి రెండింటికీ జవాబు చెప్పింది దెయ్యమా?"

"చెప్పలేం. నీ మొహం చూస్తే అలాగే ఉంది."

లిఫ్టు నెత్తి మీద కూడా ఒక ఎర్ర బొత్తాం ఉంటుంది. అది నొక్కితే పెట్టె కదలదు. మిగతా మెకానిక్కులు తాళం పడిందన్నా సరే అదీ నొక్కుతారు. బావ నొక్కడు. "పైన బావమరిది తాళం వేశాక ఇంకా కింద బొత్తాం నొక్కానంటే, వాణ్ణి నమ్మనట్టే కదా" అంటాడు. మా ఇద్దరి మధ్య అదొక మర్యాద.

తూగినవి: రెండు. చిన్నవి.

జూన్ 9, ఆదివారం

మిట్టమధ్యాహ్నందాకా నిద్రపోయాను. అంత నిద్రా పోయి, మూటలు మోసినవాడిలా లేచాను. గొంతు ఎండిపోయింది. తల రెండు కణతల దగ్గరా ఎవరో బిగిస్తున్నట్టుంది. నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. నాది సుఖం ఎరిగిన నిద్రే, కానీ దాంతో మాటల్లేవనుకుంటాను.

అక్క చొక్కా కోసం నా మెడ కొలిచింది. "ఈ ఏడాది నీ కాలరు పెంచడం ఇది రెండోసారి."

"జ్ఞానం పెరుగుతోంది, పట్టడానికి చోటు కావాలి కదా."

ఆమె నవ్వలేదు. టేపు తన మెడకు చుట్టుకుంది.

"గురక గొడవ కాదురా. గురకకి ఎప్పుడో అలవాటు పడ్డాను. అది ఉన్నట్టుండి ఆగుతుంది చూడు, అప్పుడు మెలకువొస్తోంది నాకు."

"ఆగితే హాయిగా పడుకోక?"

"మళ్ళీ మొదలయ్యేదాకా ఊపిరి బిగబట్టుకుని వింటున్నాను. నువ్వూ బిగబట్టుకునే ఉంటున్నావు."

"నేను నిద్రలో యోగాభ్యాసం చేస్తానక్కా. ఋషులకు కూడా అంత సులువు కాదు."

జూన్ 11, మంగళవారం

ఇవాళ తూగలేదు.

జూన్ 12, బుధవారం

నిన్న రాసింది అబద్ధమని సాక్ష్యాధారాలతో రుజువైంది. నిచ్చెన పట్టుకుని నిలబడి నిద్రపోయానట. నిచ్చెన మీద బావ ఉన్నాడు. "గుర్రం కూడా నిలబడే నిద్రపోతుంది, దాన్నెవరూ ఏమీ అనరు" అని రాత్రి భోజనాల దగ్గర అక్కకు చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. అక్క మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

జూన్ 15, శనివారం

ఒక చిన్న విచిత్రం.

ఇవాళ ఒక దుకాణాల భవనంలో పని. అంతా మామూలే. స్విచ్చు దించాను, తాళం వేశాను, ఉన్నాను అని చెప్పాను. కింద బావ పని మొదలుపెట్టిన చప్పుడు కూడా వినిపించింది. అప్పుడు చేతిలో ఏదో చల్లగా తగిలి చూసుకుంటే తాళం. నోరు తెరుచుకుని నా అరచేతిలో ఉంది.

వెంటనే తగిలించి నొక్కేశాను. స్విచ్చు దించే ఉంది కనుక ప్రమాదం లేదు. విచిత్రం ఏమిటంటే, ఆయన ప్రశ్నలు విన్నట్టు నాకు గుర్తు లేదు. జవాబులు మాత్రం వెళ్ళిపోయాయి. నా నోటికి అనుభవం వచ్చేసిందన్నమాట. ఇక జీతం దానికే ఇచ్చి నన్ను ఇంటి దగ్గర పడుకోబెట్టొచ్చు.

బావకు చెప్పలేదు. చెప్పడానికేముంది? తాళం వేశాను కదా.

జూన్ 18, మంగళవారం

రాత్రి నిద్రలో మాట్లాడానట. "వేశాను, వేశాను" అన్నానట. అక్క గుమ్మంలో నిలబడి "ఏం వేశావురా?" అంటే "ఉన్నాను" అన్నానట. ఆ తరవాత ఊపిరి ఆగిపోయిందట. ఆమె వచ్చి కుదిపితే నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా నోరు తెరిచి గాలి పీల్చి, మళ్ళీ పడుకున్నానట. ఇన్ని 'అట'ల్లో నాకు తెలిసింది ఒక్కటీ లేదు.

పొద్దున అక్క బావతో గొడవ పెట్టుకుంది.

"వాణ్ణి కొన్నాళ్ళు పనికి తీసుకెళ్ళకు."

"పడుచు కుర్రాడే, నిద్రపోడా? పెళ్ళయితే ఎగిరిపోతుంది ఆ నిద్ర."

"నీకు వేళాకోళంగా ఉంది. వాడు పైన ఉంటే కింద ఉండేది నువ్వు."

"అందుకే భయం లేదంటున్నాను."

డాక్టరు దగ్గరికి వచ్చే నెల వెళ్తానని మాట ఇచ్చాను. ఈ నెల బాగా పని ఉంది. ఈ నెలలో నిద్రపోవడానికే తీరిక లేదు, దాని గురించి మాట్లాడ్డానికి ఎక్కడిది?

జూన్ 20, గురువారం

తలనొప్పి. టీ. టీ. టీ.

జూన్ 24, సోమవారం

బావ కాలు విరిగింది. బ్రేకు జారింది.

జూన్ 25, మంగళవారం

జరిగినది జరిగినట్టు.

ఏడంతస్తుల ఆఫీసు భవనం. బావ పెట్టె నెత్తి మీద కూర్చుని, ఒక కాలు అంచు మీంచి వేలాడేసి, పక్క గోడ వైపు మరలు బిగిస్తున్నాడు. నేను పైన గదిలో ఉన్నాను. ఆయన అడిగాడు, నేను చెప్పాను. కొంతసేపటికి పెట్టె పైకి కదిలింది. ఆయన పాదం పెట్టెకీ గోడలోని ఇనుప కమ్మీకీ మధ్య పడింది. నేను, కాపలా మనిషి కలిసి మోటారు చక్రాన్ని చేత్తో తిప్పి పెట్టెను కొంచెం దించాక గానీ కాలు రాలేదు.

కరెంటు లేకుండా లిఫ్టు ఎలా కదిలిందని పండితులు అడగొచ్చు. తాడుకి ఒక చివర పెట్టె ఉంటే, రెండో చివర బరువు దిమ్మలుంటాయి. ఖాళీ పెట్టె కన్నా దిమ్మలు బరువు. వాటిని పట్టి ఆపేది బ్రేకు. బ్రేకు జారితే దిమ్మలు దిగుతాయి, పెట్టె పైకి పోతుంది. శాస్త్రం స్పష్టంగా ఉంది. బ్రేకు జారింది.

స్విచ్చుకు తాళం ఉంది. కాపలా మనిషి చూశాడు. బావను స్ట్రెచరు మీద తీసుకెళ్తుంటే, అంత నొప్పిలోనూ జేబులోంచి చెవి తీసి నా చేతిలో పెట్టి, "తాళం తీయకు. పెద్దసారు వచ్చి చూడనీ. నీ మీదకి రాకూడదు" అన్నాడు. మా సూపర్‌వైజరు పెద్దసారు వచ్చి చూశాడు. తాళం ఉంది.

నేను మెలకువగానే ఉన్నాను. మోటారు గదిలో ఆ చప్పుడుకి ఎవడికి నిద్ర పడుతుంది?

పైవాక్యం తప్పు. స్విచ్చు దించాక అక్కడ చప్పుడుండదు.

జూన్ 27, గురువారం

పెద్దసారు బ్రేకు విప్పించాడు. దాని స్ప్రింగు కిందటి వారమే బావ తన చేత్తో బిగించాడు. ఈ చుట్టుపక్కల బ్రేకు బిగించడంలో బావ చెయ్యే చెయ్యి. కొలబద్ద లేకుండా మరను తిప్పుతూ, తిప్పుతూ, ఒకచోట "ఇంతే" అని ఆపేస్తాడు.

పెద్దసారు అటు చూసి, ఇటు చూసి, "కొంచెం వదులుగానే ఉన్నట్టుంది" అన్నాడు. తప్పు వెతకడానికి వెళ్ళినవాడు ఉత్త చేతుల్తో రాడు.

జూలై 1, సోమవారం

బావ ఇంటికి వచ్చాడు. పిండి కట్టు వేసిన కాలు అక్క గుడ్డలు కత్తిరించే బల్ల మీద పెట్టుకుని కూర్చుంటాడు. పడుకోమంటే పడుకుంటాడు, కళ్ళు మాత్రం మూయడు.

"మోటారు తిరిగిన చప్పుడు విన్నట్టే ఉందిరా నాకు" అన్నాడు ఇవాళ.

నేను టీ కప్పు కడుగుతున్నాను. కడిగిందే మళ్ళీ కడిగాను.

"కానీ తాళం ఉంది కదా. తాళముంటే మోటారెలా తిరుగుతుంది? అంటే వినలేదన్నమాట."

"నొప్పిలో ఏవేవో వినబడతాయి బావా."

"నొప్పి తరవాత వచ్చింది. చప్పుడు ముందు వచ్చింది." తనే నవ్వాడు. "చెయ్యి పోయింది, చెవి కూడా పోయింది. ఇక మిగిలింది నాలుకే. దానికి మీ అక్క ఒప్పుకోదు."

తరవాత వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయాడు. ఆ కంటి ఆసుపత్రి లిఫ్టు బ్రేకు తనే బిగించాడు. ఆ బడిది తనే. కొత్తగా కట్టిన ఎత్తు భవనం, అందులో రెండూ తనవే. అన్నీ ఈ చెయ్యే. పొద్దున్నుంచీ రాత్రిదాకా వాటిలో జనం ఎక్కి దిగుతుంటారు.

తూగినవి: రాయను.

జూలై 3, బుధవారం

అక్క చెప్పిన సంగతి. నిద్ర పట్టక బావ రాత్రుళ్ళు వరండాలో, నా గది గోడకి ఆనుకుని కుర్చీలో కూర్చుంటున్నాడు. ఇదివరకు ఆయనది రాయిలాంటి నిద్ర. అందుకని ఇన్నాళ్ళూ నా సంగీత కచేరీ ఆయన వినలేదు. ఇప్పుడు వింటున్నాడు. ఆగినప్పుడు కూడా వింటున్నాడు.

గురక ఆగగానే చేతికర్రతో గోడ మీద కొడుతున్నాడట. "నువ్వు?" అని అడుగుతున్నాడట. ఇవతల్నుంచి నేను "ఉన్నాను" అని, గుటక వేసి, మళ్ళీ ఊపిరి తీసుకుంటున్నానట. తెల్లార్లూ ఇదే పని. నిన్న ఒకసారి నేను జవాబు చెప్పలేదట. ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి కుదిపాడట.

ఆ కాలు విరిగినవాడు రాత్రంతా కూర్చుని నన్ను బతికిస్తున్నాడు. దీని మీద ఒక జోకు వేయాలని పొద్దుటి నుంచీ చూస్తున్నాను.

జూలై 8, సోమవారం

డాక్టరు దగ్గరికి నన్ను బావే తీసుకెళ్ళాడు, చంకల్లో కర్రలతో. అక్క వెనకాల. చూసినవాళ్ళు ఆయనే రోగి అనుకుని ఆయనకే కుర్చీ వేశారు.

డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి. టేపు తీసి నా మెడ కొలిచింది. "ఒక వేలు వదులుగా పట్టారండీ" అంది అక్క. డాక్టరమ్మ నవ్వి మళ్ళీ కొలిచింది. నోరు తెరిపించి చూసింది. పొద్దున తలనొప్పి ఉంటుందా, గొంతు ఎండుతుందా, రాత్రి ఉక్కిరిబిక్కిరై లేస్తారా, చదువుతూ చదువుతూ, తింటూ తింటూ నిద్ర పడుతుందా అని అడిగింది. ఆమె ఒక్కొక్కటీ అడుగుతుంటే అక్క ఒక్కొక్కదానికీ నన్ను మోచేత్తో పొడిచింది.

"నిద్ర ఎక్కువైంది డాక్టరుగారూ, అంతే" అన్నాను.

"మీకు నిద్ర లేదు. పడుకోగానే గొంతు వెనక దారి మూసుకుపోతోందనిపిస్తోంది. ఊపిరాడక మెదడు మిమ్మల్ని లేపుతుంది, గాలి పీల్చి మళ్ళీ పడుకుంటారు. రాత్రంతా ఇదే. లేచిన సంగతి మీకు గుర్తుండదు. పరీక్ష చేస్తే ఎన్నిసార్లో తెలుస్తుంది."

"ఇది ముందే చూపించుకోవాల్సిందా?" అంది అక్క.

"ఉత్త గురకైతే అంత భయం లేదమ్మా. గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని పక్కవాళ్ళు చెప్పినా, ఎంత పడుకున్నా అలసట తీరకపోయినా, పగలు పనిలో కళ్ళు మూతలు పడుతున్నా ఆలస్యం చెయ్యకూడదు. బండి నడిపేవాళ్ళూ, యంత్రాల దగ్గర పనిచేసేవాళ్ళూ అయితే అసలు చెయ్యకూడదు. ఇంతకీ మీ పనేమిటి?"

చెప్పాను.

ఆమె కలం కింద పెట్టింది. "పనిలో ఎప్పుడైనా నిద్రపోయారా?"

నేను నోరు తెరిచేలోపు బావ అందుకున్నాడు. "లేదమ్మా. ఇంట్లో సంగతి వేరు. పనిలో వీడు తాళం మరవడు. నా కాలు పోయిన రోజు కూడా వీడి తాళం వీడు వేశాడు. మా పెద్దసారు కళ్ళారా చూశాడు."

నేను తలూపాను.

"కొన్నిసార్లు కళ్ళు తెరిచే ఉంటాయి" అంది డాక్టరమ్మ నన్నే చూస్తూ. "అడిగితే జవాబు కూడా చెబుతారు. మనిషి మాత్రం ఉండడు. తప్పు వాళ్ళది కాదు, ఆ జబ్బుది. కానీ చెప్పాలి. చెప్పకపోతే నాకు తెలియదు."

నేను ఇంకోసారి తలూపాను. దేనికో నాకే తెలియదు.

జూలై 13, శనివారం

ఒంటి నిండా తీగలు అతికించి, పడుకోబెట్టి పరీక్ష చేశారు. ఫలితం చూసి డాక్టరమ్మ "ఇన్నాళ్ళూ ఎలా తిరిగారండీ" అంది. తను చెప్పేదాకా పనికి వెళ్ళకూడదని పెద్దసారుకు కాగితం రాసిచ్చింది. ఒక యంత్రం ఇచ్చింది. దాని గొట్టం చివర ముక్కుకి తగిలించుకునే తొడుగు. రాత్రంతా అది గాలి ఊదుతూ గొంతు మూసుకోకుండా చూస్తుంది. తగిలించుకుని అద్దంలో చూసుకున్నాను. తొండం. ఇక నాకు ఎలుక ఒక్కటే తక్కువ.

జూలై 15, సోమవారం

నిద్ర లేచాను. పుట్టాక ఇదే మొదటిసారనిపించింది.

జూలై 20, శనివారం

యంత్రం వల్ల ఒక ఇబ్బంది ఉంది. డాక్టరమ్మ దాని గురించి ముందుగా హెచ్చరించలేదు. తల తేటపడుతుంది. తేటపడ్డ చెరువులో అడుగున పడి ఉన్నవన్నీ కనిపించినట్టు, అన్నీ కనిపిస్తాయి. ఆ గదిలో కిటికీ ఎటుందో, నేను ఏ గోడకి ఆనుకున్నానో, స్విచ్చు పిడి పైకి

ఇవాళ ఇంక రాయను.

గోడ మీద కర్ర చప్పుడు ఆగిపోయింది. నాకు అవసరం లేదు కదా. బావ మాత్రం ఇంకా నిద్రపోవడం లేదు. అక్క గదిలోకి వస్తే కళ్ళు మూసుకుంటాడు. "నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు, నిద్ర నటించేవాణ్ణి ఎవరు లేపుతారు" అని ఆయన్ని తిట్టింది. ఆ మాట ఆయన్ని దాటి వచ్చి నాకు తగిలింది.

మధ్యాహ్నం అక్క బావని కుట్టుమిషను దారం బిగువు చూడమంది. దాని మీద చిన్న మర ఉంటుంది. ఇదివరకు మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్క తిప్పుతో సరిచేసేవాడు. ఇవాళ బిగించాడు. వదులు చేశాడు. మళ్ళీ బిగించాడు. మళ్ళీ వదులు చేశాడు. అక్క సూది పట్టుకుని ఎదురుచూస్తోంది. చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని, "వేరేవాళ్ళతో చేయించు" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

జూలై 27, శనివారం

పెద్దసారు ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, పైవాళ్ళు ఏమనుకుంటున్నారో చెప్పడానికి తనకే కష్టంగా ఉందని మొదలుపెట్టాడు. బావ ఆయన్ని పూర్తి చెయ్యనివ్వలేదు.

"స్టోరులో వేసెయ్యండి సార్. కూర్చుని మరలూ మేకులూ అందిస్తాను. నేను బిగించినవన్నీ ఇంకొకడితో ఒకసారి చూపించండి. మీకు పుణ్యముంటుంది."

లోపల మిషను చప్పుడు ఆగింది.

ఆయన వెళ్ళాక బావ నన్ను పిలిచాడు. ఆ రోజు నేను తిరిగిచ్చిన తాళంచెవి జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"డాక్టరమ్మ ఒప్పుకున్నాక నువ్వు లోపలికి దిగాలి, ఇంజినీరుగారూ. ఒకటే చెబుతాను. పైన ఎవణ్ణి పడితే వాణ్ణి పెట్టుకోకు. నీలాంటివాణ్ణి పెట్టుకో."

"నాలాంటివాడు దొరకడు బావా" అన్నాను.

నవ్వాడు. ఈ నెలలో మొదటిసారి.

జూలై 28, ఆదివారం

బావ నిద్రపోతున్నాడు. పొద్దున పడుకున్నాడు, సాయంత్రమవుతోంది, ఇంకా లేవలేదు. అక్క గుమ్మం దగ్గర కూర్చుంది. నాతో మాట్లాడటం లేదు. పళ్ళెం మాత్రం పెట్టింది.

పొద్దున వరండాలోకి వెళ్ళి తాళంచెవి తీసి బావ చేతిలో పెట్టాను.

"ఏంట్రా ఇది?"

"అడుగు బావా."

"ఏమడగాలి?"

"ఆ మూడూ."

ఏదో జోకనుకున్నాడు. నా మొహంలో జోకు కోసం వెతికాడు. ఎప్పుడూ ఉండేదే కనుక వస్తుందని కాసేపు చూశాడు. తరవాత కర్రతో నేల మీద కొట్టి అడిగాడు.

"స్విచ్చు?"

"దించలేదు."

కర్ర అలాగే ఉండిపోయింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"తాళం?"

"అప్పుడు వేయలేదు."

మూడోది అడగడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. అడగడేమో అనుకున్నాను. అడగకుండా లేచి వెళ్ళిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

"నువ్వు?"

"లేను, బావా."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. కాలి కట్టు వైపు చూసుకున్నాడు. చూసుకుని, "మోటారు తిరిగిందా?" అన్నాడు.

"తిరిగింది. కింద ఎవరో లిఫ్టు కోసం బొత్తాం నొక్కారు."

"నేను విన్నాను."

"విన్నావు."

"స్ప్రింగు వదులు కాలేదు."

"కాలేదు."

ఆయన అక్కను పిలిచాడు. ఆమె అప్పటికే గుమ్మంలో ఉంది. "మిషను ఇటు తే" అన్నాడు. తెచ్చింది. మర మీద వేలు పెట్టి, ఒక్కసారి తిప్పి, "ఇంతే" అని వదిలేశాడు. తరవాత నా వైపు చూడకుండా చెప్పాడు.

"రేపు పెద్దసారు దగ్గర నువ్వే చెప్పు. నేను పక్కన ఉంటాను. మాట్లాడను. ఆ డాక్టరమ్మకి కూడా చెప్పాలి."

వెళ్ళి పడుకున్నాడు. ఆయన గురక పెట్టడు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఆగుతుందేమోనని గోడ ఇవతల కూర్చుని వింటున్నాను.

మొదటి పేజీలో కుక్కతో సహా లోకానికంతటికీ సాష్టాంగపడ్డాను. అవేవీ నేను చేసినవి కావు. నా నిద్ర చేసినవి. ఆ రోజు స్విచ్చు దించకపోవడం, దించానని చెప్పడం, ఉన్నానని చెప్పడం, అవీ దాని ఖాతాలోవే. డాక్టరమ్మ కూడా అదే అంటుంది.

ఆ రోజు మోటారు చప్పుడుకు కళ్ళు తెరిచాను. లేచి స్విచ్చు దించాను. నేల కన్నాల్లోంచి బావ అరుస్తున్నాడు. తాళం నా కాళ్ళ దగ్గర నోరు తెరుచుకుని పడి ఉంది. మెట్ల మీద కాపలా మనిషి అడుగులు వినిపిస్తున్నాయి. ఆ నెలంతటిలోనూ నేను అంత మెలకువగా ఎప్పుడూ లేను. కిందికి పరిగెత్తలేదు. బావా అని పిలవలేదు. ముందు వంగి, తాళం తీసి, స్విచ్చుకి తగిలించి, నొక్కాను.